పెద్దవారికి కంప్యూటరు: తొలి పాఠములు

మన తాతల కాలములో సొసైటీ పుస్తకమున వేలిముద్ర వేసి కూలి తీసుకొనిపోయిన నేతగాండ్రు ఎందరో ఉండిరి. పుస్తకములో ఎంత వ్రాసిరో, చేతికి ఎంత వచ్చెనో సరిచూచుకొను శక్తి వారికి లేకపోయెను. ఆ లోటు తీర్చుటకే నేతపేటలలో రాత్రి బడులు వెలసినవి. పగలెల్ల మగ్గము నేసి, రాత్రి లాంతరు వెలుగున పలక పట్టి సంతకము నేర్చుకొన్నవారి సంతానము మనము.

ఇప్పుడు ఆ వేలిముద్రయే మరియొక రూపమున తిరిగి వచ్చినది. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడినదా లేదా చూచుటకు, గుర్తింపు కార్డు వివరములు దిద్దించుటకు, కరెంటు బిల్లు కట్టుటకు, పించను దరఖాస్తు పంపుటకు మన పెద్దలు ఫోనును, ఆధారు కార్డును, పాసుబుక్కును కలిపి ఎవరి చేతిలోనో పెట్టి ప్రక్కన నిలుచుచున్నారు. ఫోనుకు వచ్చిన అంకెలను బిగ్గరగా చదివి వినిపించుచున్నారు. తెర మీద ఏమున్నదో తెలియకయే "సరే, కానీయి నాయనా" అనుచున్నారు. చదవని కాగితము మీద వేసిన వేలిముద్రకును, దీనికిని భేదమేమి?

షోలాపూరు, భివండి, సేలము, కంచి, బరంపురము, బెంగుళూరు, ఎచట స్థిరపడినను మనవారికి ఈ ఇబ్బంది ఒక్కటే. పైగా ఇంకొక చిక్కు కలదు. యానాము వంటి చోట్ల తప్ప, పెద్దలకు వచ్చినది తెలుగు చదువు. పిల్లలకు వచ్చినది మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియానో. సర్కారువారి తెర మీద కనబడునది ఆ రాష్ట్ర భాష, లేదా ఇంగ్లీషు. కనుక పెద్దలు మరింత వెనుకకు తగ్గుచున్నారు.

మా సంఘ కార్యాలయములో ఏబది ఏండ్లు దాటిన సభ్యులకు సాయంకాలము దీపము వేళ గంటసేపు కంప్యూటరు పాఠములు నడుపుచున్నాము. స్త్రీలును వచ్చుచున్నారు. ఏ పాఠము ముందు చెప్పవలెనో, ఏది వెనుక చెప్పవలెనో, పెద్దలు ఎచట తడబడుదురో మాకు కొంత తెలిసినది. తక్కిన సంఘములవారికి పనికివచ్చునని ఆ క్రమమును ఇచట వ్రాయుచున్నాము.

మగ్గమునకు చుట్టమే

కంప్యూటరు మనకు బొత్తిగా పరాయిది కాదు. జాకార్డు అట్టను ఎరిగినవారికి దాని మూలసూత్రము సగము తెలిసినట్లే. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును, కొక్కెము నిలిచి పైకి లేచును, దానికి కట్టిన పడుగు పోగు లేచును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు జరిగి కొక్కెము తప్పును, పోగు క్రిందనే ఉండును. ఉన్నది, లేదు, ఈ రెండు మాటలతోనే హంస, మామిడి పిందె, గోపురము అన్నియు అంచు మీద పలుకుచున్నవి. కంప్యూటరు లోపల జరుగునదియు ఇంతే. అచట రంధ్రమునకు బదులు విద్యుత్తు ఉండుట, లేకుండుట.

ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మేరీ జాకార్డు ఈ మగ్గపు సాధనమును 1804లో సిద్ధపరచెను. 1830 తరువాతి కాలమున ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆ అట్టలనే వాడదలచెను. ఆ యంత్రము మాత్రము పూర్తికాలేదు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రములు పొడిచిన అట్టలతో లెక్కకట్టించెను. మన మగ్గము మీది ఆలోచనయే తిరిగి తిరిగి ఈ పెట్టెలోనికి వచ్చినదని పెద్దలకు మొదటనే చెప్పవలెను. దానితో సగము బెరుకు తీరును.

మొదటి పాఠము: ఏది పాడగును, ఏది పాడుకాదు

పెద్దలు మొదటి రోజున అడుగు ప్రశ్న ఒక్కటే: "నేను నొక్కితే చెడిపోదు గదా?" దీనికి నిజమైన సమాధానము చెప్పి తీరవలెను. టీ ఒలికిన చెడిపోవును. నడుచుచుండగా తీగె లాగివేసిన, వ్రాసినది పోవచ్చును. అంతేగాని తప్పు మీట నొక్కినంత మాత్రమున యంత్రము విరిగిపోదు.

తప్పు నొక్కిన దిద్దుకొను మార్గమును మొదటి రోజుననే నేర్పవలెను. పేక తప్పు పడినప్పుడు మనము ఏమి చేయుదుము? ఆ పోగును వెనుకకు తీసి మరల నేయుదుము. కంప్యూటరులో కంట్రోల్ అను మీటను పట్టుకొని జెడ్ అను మీటను కొట్టిన, ఇప్పుడు చేసిన పని వెనుకకు పోవును. మరల కొట్టిన అంతకు ముందుది పోవును. మా సంఘములో మొదటి గంట అంతయు ఈ పనియే చేయించుచున్నాము: ఏదో ఒకటి వ్రాయుట, చెరుపుట, వెనుకకు తెచ్చుట. ఈ ఒక్క మీట చేతికి అలవడిన పిమ్మట పెద్దలు ధైర్యముగా కదలుచున్నారు.

ఆపునప్పుడు గోడమీది స్విచ్చి తీయరాదు. తెర మీద "షట్ డౌన్" అనునది నొక్కి, తెర నల్లబడిన తరువాతనే స్విచ్చి తీయవలెను.

రెండవ పాఠము: కన్ను, చేయి, కూర్చుండు తీరు

పెద్దలు అక్షరములు కనబడక విసుగుకొని, తమకు చదువు రాదేమోనని అనుకొందురు. లోపము చదువుది కాదు, కంటి అద్దములది. పుస్తకము చదువుటకు ఇచ్చిన అద్దములు అడుగు, అడుగుంబావు దూరమునకు సరిపోవును. కంప్యూటరు తెర చేయి చాచినంత దూరమున ఉండును. కంటి వైద్యుని వద్దకు పోయినప్పుడు ఆ దూరమును చెప్పి అడుగవలెను. అంతవరకు కంట్రోల్ మీటను పట్టుకొని కూడిక గుర్తును కొట్టిన చాల చోట్ల అక్షరములు పెద్దవగును. తీసివేత గుర్తు కొట్టిన చిన్నవగును.

మౌసు అను పనిముట్టు చేతిక్రింద ఇమిడియుండును. దానిని బల్ల మీద జరిపిన తెర మీద బాణము కదలును. వ్రేళ్ళతో బిగించి పట్టరాదు; నాడెను ఎంత తేలికగా పట్టుదుమో అంత తేలికగా పట్టవలెను. వెంటవెంటనే రెండుసార్లు నొక్కుట పెద్దలకు కష్టము. రెండు నొక్కులకు నడుమ చేయి జరిగిపోవుచున్నది. అట్టివారు ఒకసారి నొక్కి, ఎంటర్ అను పెద్ద మీటను కొట్టిన అదే పని జరుగును. యంత్రపు అమరికలలో రెండు నొక్కుల వేగమును తగ్గించుటకును వీలు కలదు. బాణమును పెద్దది చేయుటకును వీలు కలదు. నేర్పువారు ముందుగా ఈ రెండు సవరణలు చేసి ఉంచవలెను.

మూడవ పాఠము: తెలుగు అక్షరములు

ఇంగ్లీషు రానివారికి కంప్యూటరు రాదనుట వట్టి మాట. తెలుగు వ్రాయగలవాడు తెలుగులోనే పని చేసికొనవచ్చును.

విండోస్ గల యంత్రములో భాషల అమరికకు పోయి తెలుగును ఒకసారి చేర్చుకొనిన చాలును. ఆ మీదట విండోస్ గుర్తుగల మీటను పట్టుకొని ఖాళీ మీటను కొట్టిన ఇంగ్లీషు నుండి తెలుగునకు, తెలుగు నుండి ఇంగ్లీషునకు మారును. మీటల అమరికలలో మేము నేర్పునది ఇన్‌స్క్రిప్ట్ అనునది. 1991 నాటి భారతీయ ప్రమాణములో దీనికి స్థానము లభించినది. ఇందులో అచ్చుల గుర్తులు, అనగా గుడి, కొమ్ము, ఏత్వము మొదలైనవి, చాలవరకు ఎడమ చేతి వైపు ఉండును. హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు, కొన్ని క్రింది వరుసలో ఉండును. క కొట్టు మీటనే షిఫ్టు పట్టుకొని కొట్టిన ఖ వచ్చును. గ మీట మీద ఘ, చ మీద ఛ, ప మీద ఫ వచ్చును. చిన్నప్పుడు గుణింతము వల్లించినవారికి ఈ వరుస త్వరగా పట్టుబడును.

ఒత్తులు వ్రాయుటయే పెద్దలకు వింతగా తోచును. రెండు హల్లుల నడుమ పొల్లు గుర్తు కొట్టవలెను. "మగ్గము" అను మాటకు ఆరు మీటలు: మ, గ, పొల్లు, గ, మ, కొమ్ము. "నూలు" అను మాటకు నాలుగు: న, కొమ్ముదీర్ఘము, ల, కొమ్ము. మొదటి వారములో ఎవరి పేరు వారు, తమ ఊరి పేరు, మగ్గపు సామాను పేర్లు కొట్టించవలెను. సొంత పేరు తెర మీద తెలుగులో కనబడిన రోజున పెద్దల ముఖమున కనబడు సంతోషమును చూచినవారికే తెలియును.

మనవంటి వలస కుటుంబములకు ఈ అమరికవలన మరియొక లాభము కలదు. తెలుగులో క ఏ మీట మీద ఉన్నదో, కన్నడమునకును, ఒడియాకును, మరాఠీకిని క ఆ మీట మీదనే ఉన్నది. తక్కిన అక్షరములును అట్లే. ఒక్క భాషకు చేయి తిరిగినవాడు, రెండవ భాష లిపి చదువగలిగిన యెడల, మరల మీటలు నేర్వకయే అందులోను వ్రాయవచ్చును. తమిళమునకును ఈ అమరిక ఉన్నది గాని, తమిళనాట తమిళ్ 99 అను వేరొక అమరిక ఎక్కువ వాడుకలో ఉన్నది. అచటివారు దానిని వేరుగా నేర్చుకొనవలెను.

మనము కొట్టిన తెలుగు వేరొక ఊరిలో సరిగా కనబడునా అని అడుగువారు ఉన్నారు. యూనికోడు అను ఏర్పాటు 1991లో మొదటిసారి వెలువడినది. అందులో ప్రతి అక్షరమునకు ఒక అంకె ఉన్నది. మన అ 3077, మన క 3093. లోకములోని కంప్యూటరులన్నింటను ఇవే అంకెలు. కనుక షోలాపూరులో కొట్టిన జాబు యానాములో చెక్కుచెదరక కనబడును. అచ్చు పనివారు వాడు కొన్ని పాత తెలుగు అక్షరములు ఈ ఏర్పాటులోనివి కావు. అవి వేరొక యంత్రములో పిచ్చిగీతలుగా కనబడును. సంఘపు కాగితములు యూనికోడులోనే వ్రాయించుకొనవలెను.

వ్రేళ్ళు వణకువారు ఫోనులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాటలాడిన అక్షరములు తమంత తామే పడును. అయితే పేర్లను, అంకెలను ఒకసారి చదివి దిద్దుకొనవలెను.

నాలుగవ పాఠము: దాచుట, వెదకుట

వ్రాసిన పత్రమును దాచనిదే అది నిలువదు. కంట్రోల్ పట్టుకొని ఎస్ కొట్టవలెను. యంత్రము పేరు అడుగును. పేరు పెట్టుటలోనే మెలకువ ఉన్నది. "కొత్తది", "కాగితము" అని పెట్టిన రేపు వెదుకలేము. "నూలు లెక్క 2026 జనవరి" అని పెట్టవలెను. నూలును కౌంటు వారీగా వేరువేరు అరలలో పెట్టుకొనువారికి ఇది చెప్పనక్కరలేదు. అరకు బదులు ఇచట ఫోల్డరు, అంతే. ముఖ్యమైన పత్రములను పెన్ డ్రైవు మీద గాని, వేరొక యంత్రములో గాని రెండవ ప్రతి ఉంచవలెను.

ఐదవ పాఠము: నూలు లెక్క

పెద్దలకు కంప్యూటరు మీద మనసు పడునది ఈ పాఠముతోనే. లెక్కల పత్రము అనగా గళ్ళ కాగితము వంటిది. నిలువు వరుసలు పడుగు, అడ్డు వరుసలు పేక అనుకొనిన చాలును. ప్రతి గడిలో ఒక అంకె వ్రాయవచ్చును. లిబ్రె ఆఫీసు అను పని సరంజామా ఉచితముగా దొరకును. అందులో ఈ గళ్ళ పత్రము ఉన్నది.

అందరికిని తెలిసిన లెక్క తీసికొందము. చీర పన్నా 46 అంగుళములు, అంగుళమునకు 72 పోగులు. మొత్తము 3312 పోగులు. ఆరేసి గజముల చీరలు నాలుగు, తరుగు ఒక గజము. పడుగు పొడవు 25 గజములు. నూలు 80 కౌంటు. చిలప ఒకటికి 840 గజములు, 80 కౌంటులో 80 చిలపలు ఒక పౌను తూగునని మనకు తెలిసినదే.

మొదటి గడిలో 3312, దాని ప్రక్క గడిలో 25, మూడవ గడిలో 80 వ్రాయుడు. నాలుగవ గడిలో సమానము గుర్తు కొట్టుడు. ఇప్పుడు మౌసుతో మొదటి గడిని నొక్కి, గుణకారమునకు నక్షత్రపు గుర్తు కొట్టి, రెండవ గడిని నొక్కుడు. తరువాత భాగహారమునకు వాలుగీత కొట్టి 840 వ్రాయుడు. మరల వాలుగీత కొట్టి మూడవ గడిని నొక్కి, ఎంటర్ కొట్టుడు. 1.23 పౌనులు అని వచ్చును. కిలోలు కావలెనన్న దానిని 0.4536తో గుణించవలెను, ఇంచుమించు 559 గ్రాములు. పడుగునకు ఎంత నూలు పట్టునో ఇది చెప్పును. పేక లెక్క వేరుగా కట్టవలెను.

ఇంతవరకు కాగితము మీదనే చేయవచ్చును గదా అందురేమో. ఇప్పుడు 25 చెరిపి 37 వ్రాయుడు. ఆరు చీరల పడుగునకు 827 గ్రాములని, మీరు మరియొక లెక్క చేయకయే, తెలిసిపోవును. కౌంటు మార్చిన అదియు మారును. సూత్రము ఒకసారి అల్లిన చాలును, అట్టలు ఒకసారి కుట్టిన ఎన్ని చీరలైనను నేసినట్లు.

ఈ లెక్క రానినాడు, నూలు ఇచ్చువాడు చెప్పినదే తూకము, తరుగు అడుగువాడు అడిగినదే తరుగు. ఇచ్చిన నూలు, నేసిన చీరలు, అందిన కూలి, రావలసిన బాకీ, ఈ నాలుగు వరుసలు ప్రతి ఇంటను నెలనెలా వ్రాసికొనిన యెడల మాటకు మాట పెరుగకుండ లెక్కతోనే తగవు తీరును. చిత్రము గీయువారు ఇదే గళ్ళలో రంగులు నింపి, గ్రాఫు కాగితము మీద వలె, అంచు బుటాలను వేసి చూడవచ్చును.

ఆరవ పాఠము: తాళపు చెవి ఎవరి చేతిలో?

ఇది కడపటి పాఠమైనను అన్నింటికంటె ముఖ్యము. దీనిని రెండుసార్లు చెప్పవలెను.

ఫోనుకు వచ్చు ఓటీపీ అంకెలు మన సంతకము. వాటిని చెప్పుట అనగా వ్రాయని కాగితము మీద సంతకము చేసి ఇచ్చుట. బ్యాంకువారు ఫోను చేసి ఓటీపీని గాని, పిన్‌ను గాని అడుగరు. అడిగినవాడు ఎవడైనను సరే, ఫోను పెట్టివేయవలెను.

యూపీఐ పిన్ మనము సొమ్ము పంపునప్పుడు కావలెను. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ అక్కరలేదు. "చీరల బయానా పంపుచున్నాను, పిన్ కొట్టుము" అని ఎవడైన అనిన, వాడు ఇచ్చువాడు కాడు, తీసుకొనువాడు.

తెలియనివారు పంపిన యాపును ఫోనులో ఎక్కించుకొనరాదు. తెరను చూపుమని అడిగిన చూపరాదు. పోలీసులమని చెప్పి, ఫోను తెర మీదనే నిర్బంధములో ఉంచితిమని బెదిరించువారు బయలుదేరినారు. "డిజిటల్ అరెస్టు" అనునది మన చట్టములో లేదు.

వేలిముద్రతో సొమ్ము తీయునప్పుడు రసీదు అడిగి తీసికొనవలెను. "ముద్ర పడలేదు, మరల వేయుము" అనిన, మొదటిది నిజముగా పడలేదా అని రసీదులోను, ఖాతాలోను చూచుకొనవలెను. ఆధారు వేలిముద్రకు తాళము వేయు వసతి కూడ ఉన్నది. తాళము ఉన్నంతకాలము ఆ ముద్రతో ఎవరును సొమ్ము తీయలేరు. మనకు అవసరమైనప్పుడు మనమే విప్పుకొనవలెను. దీనిని గురించి 1947 నెంబరుకు ఫోను చేసి తెలిసికొనవచ్చును.

మోసము జరిగినదని తెలిసిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను. సిగ్గుపడి, ఇంటివారికి చెప్పక, తెల్లవారినాక చూతమనిన సొమ్ము ఖాతాలు దాటిపోవును. ఎంత త్వరగా చెప్పిన, ఆపుటకు అంత అవకాశము. ఈ రెండు నెంబర్లను మా కార్యాలయపు గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయించినాము. ప్రతి సంఘమును అట్లు చేయుట మంచిది.

సంఘములకు మనవి

పాఠములకు కొత్త యంత్రమే కావలెనని లేదు. పాతది కొనువారు ఒక సంగతి గమనింపవలెను. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అంతకు తరువాతి కూర్పు నడుచునా అని అడిగి కొనవలెను. బ్యాంకు పనికి వాడు యంత్రము విషయములో ఇది మరింత అవసరము.

నేర్పుటకు మన ఇండ్లలోని పడుచువారే చాలుదురు. అయితే వారికి ఒక్క కట్టడి చేయవలెను: మౌసును పెద్దల చేతినుండి లాగికొనరాదు. "నీకు రాదులే తాతా, నేను చేసి పెట్టెదను" అను మాట ప్రేమతోనే వచ్చును. కాని ఆ మాటతోనే నేర్పు ఆగిపోవును. మీట చూపవచ్చును, నొక్కరాదు. దీనికి ప్రతిగా పెద్దలు పిల్లలకు తెలుగు అక్షరములు చెప్పవలెను. తెర మీద "మగ్గము" అని కొట్టుటకు పిల్లవానికి మీట తెలియును, ఒత్తు తెలియదు. తాతకు ఒత్తు తెలియును, మీట తెలియదు. ఇద్దరును ఒక బల్ల ముందర కూర్చున్న ఇరువురి కొరతయు తీరును. మా పాఠములలో ఎక్కువగా నిలిచినది ఇట్లు జంటగా వచ్చినవారే.

ఈ పక్షము రోజులకు అభ్యాసము: ఒకటి, మీ పేరు, ఊరు తెలుగులో కొట్టి, దాచి, మరునాడు తెరచి చూడుడు. రెండు, ఇప్పుడు మగ్గము మీదనున్న పడుగునకు ఎంత నూలు పట్టినదో గళ్ళ పత్రములో లెక్కకట్టి, తూకపు చీటీతో సరిపోల్చుడు. మూడు, మీ ఫోను పిన్ మీరు గాక ఇంకెవరికి తెలియునో ఆలోచించి, తెలిసియున్న యెడల నేడే మార్చుకొనుడు. మూడవ పనికి మాత్రము ఎవరి సహాయమును తీసికొనరాదు.